బాణం గురికి, నంబరు గాలికి

షిల్లాంగ్‌లో ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం జరిగే తంతు ఇది. పోలో గ్రౌండ్ దగ్గరి మైదానంలో విలుకాళ్లు అర్ధచంద్రాకారంలో గొంతుక్కూర్చుంటారు. ఎదురుగా స్తంభంలా గుండ్రంగా కట్టిన మోపు ఒకటి ఉంటుంది. సైగ అందగానే అందరూ ఒకేసారి బాణాలు వేయడం మొదలుపెడతారు. కొద్ది నిమిషాల్లో అంతా ముగుస్తుంది. తర్వాత మోపులో దిగిన బాణాలను పీకి, చుట్టూ చేరిన జనం ముందే లెక్కపెడతారు. తాకకుండా పోయినవి లెక్కలోకి రావు.

మొత్తం 867 వచ్చిందనుకుందాం. ఆ రౌండు ఫలితం 67. ముందున్న ఎనిమిదిని ఎవరూ పట్టించుకోరు. కావలసింది చివరి రెండంకెలే. 00 నుంచి 99 దాకా ఉన్న వంద నంబర్లలో 67 మీద డబ్బు పెట్టినవాళ్లు గెలిచినట్టు, మిగతావాళ్లు ఓడినట్టు.

దీన్నే 'షిల్లాంగ్ తీర్' అంటారు. బాణం వేసే ప్రతి చేతిలో ఏళ్ల సాధన ఉంటుంది, గురి ఉంటుంది. ఫలితం మాత్రం లాటరీ చీటీ తీసినట్టే వస్తుంది. ఇంత నైపుణ్యం పోగుపడితే చివరికి యాదృచ్ఛికత ఎలా మిగులుతుంది? ఆ నైపుణ్యం ఎక్కడ మాయమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మరో సంగతి కూడా తేలుతుంది: రోజుకూలి డబ్బుల్లోంచి పది రూపాయలు తీసి టికెట్ కొనే మనిషి అసలు దేనిమీద పందెం కాస్తున్నాడో.

క్లబ్బుల ఆట, కొండల ఆట

ఖాసీ భాషలో బాణాన్ని ఖ్నామ్ అంటారు. ఖాసీ కొండల్లో విలువిద్య పందెం కోసం పుట్టింది కాదు. సంప్రదాయం పాటించే కుటుంబాల్లో మగబిడ్డకు పేరు పెట్టేటప్పుడు ఒక విల్లు, మూడు బాణాలు ఉంచుతారు. తనను, తన వంశాన్ని, తన నేలను కాపాడుకోవడానికి ఒక్కొక్కటి అని పెద్దలు చెబుతారు. ఊరికీ ఊరికీ మధ్య విలువిద్య పోటీలు జరగడం అక్కడ పాత ఆనవాయితీ. పి.ఆర్.టి. గుర్డన్ 1907లో అచ్చయిన 'ది ఖాసీస్' పుస్తకంలో ఈ ఆటను ఖాసీల జాతీయ క్రీడగానే పరిచయం చేశాడు.

ఆ పోటీలకు పందెం తోడై నేటి తీర్ అయింది. 1982లో మేఘాలయ వినోదాలు, పందేల పన్ను చట్టాన్ని సవరించాక ఈ ఆటకు చట్టం గుర్తింపు వచ్చింది, పన్నూ పడింది. షిల్లాంగ్‌లో ఖాసీ హిల్స్ ఆర్చరీ స్పోర్ట్స్ అసోసియేషన్ దీన్ని నిర్వహిస్తుంది. పన్నెండు స్థానిక క్లబ్బులు ఇందులో భాగం. విలుకాళ్లు ఈ క్లబ్బుల సభ్యులే. జోవాయ్‌లోనూ, గువాహటి అంచున ఉన్న ఖానాపారాలోనూ ఇలాంటి ఆటలే నడుస్తాయి.

సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం యాభై మంది దాకా విలుకాళ్లు పాల్గొంటారు. మొదటి రౌండులో ఒక్కొక్కరికి 30 బాణాలు, రెండో రౌండులో 20. అంటే మొదటి రౌండులో 1,500 బాణాలు, రెండో రౌండులో 1,000. మన లెక్కలకు ఇవే ఆధారం.

ఒక్క బాణం కథ

ముందు ఒక్క బాణాన్ని చూద్దాం. విల్లు వంచినప్పుడు కండల శక్తి వెదురు బద్దలో స్థితిస్థాపక శక్తిగా నిలవ అవుతుంది. నారి వదలగానే అందులో చాలా భాగం బాణానికి గతిశక్తిగా మారుతుంది. బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో బయల్దేరిందని, గురి 30 మీటర్ల దూరంలో ఉందని అనుకుందాం. చేరడానికి ముప్పావు సెకను పడుతుంది. ఆలోగా గురుత్వాకర్షణ దాన్ని దాదాపు 2.76 మీటర్లు కిందికి లాగుతుంది. విలుకాడు ఆ మేరకు ఎత్తుకు గురిపెడతాడు. ఇది సూత్రం రాసి చేసే పని కాదు, చేతికి అలవాటైన లెక్క.

ఈసారి నారిని కొంచెం తక్కువ లాగాడనుకోండి. వేగం సెకనుకు 39 మీటర్లే. బాణం గురిని చేరేసరికి 2.90 మీటర్లు పడుతుంది. ఒక్క మీటరు వేగం తగ్గితే గురి దగ్గర 14 సెంటీమీటర్ల తేడా! మోపు అంచుకు గురిపెట్టిన బాణం తాకాలా, తప్పాలా అన్నది తేల్చడానికి ఇది చాలు.

బాణం నిటారుగా కూడా పోదు. నారి వెనకనుంచి నెట్టే బలానికి బాణం కర్ర పాములా మెలిక తిరిగి, విల్లు పక్కనుంచి ఒంపుతో జారుకుని, తర్వాత అటూ ఇటూ ఊగుతూ సర్దుకుంటుంది. దీన్ని 'విలుకాడి వైచిత్రి' అంటారు. 1930లలో అమెరికా భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ అతివేగ కెమెరాలతో దీన్ని చిత్రీకరించాడు. కర్ర మరీ గట్టిగా ఉంటే ఒక పక్కకు, మరీ మెత్తగా ఉంటే మరో పక్కకు బాణం పోతుంది. విల్లు బలానికి తగిన బాణాన్ని ఏరుకోవడం విలువిద్యలో సగం పని.

వీటికి తోడు వాతావరణం. ప్రపంచంలో అత్యధిక వర్షపాతానికి పేరుపడిన చెరపుంజీ, మాసిన్‌రామ్ ఉన్నది ఈ ఖాసీ కొండల్లోనే. వెదురు తేమ పీలిస్తే దాని బిగువు తగ్గుతుంది. ఈకలు తడిస్తే బాణం బరువు మారుతుంది. పక్కగాలి వీస్తే బాణం జరుగుతుంది. మబ్బు కమ్మితే గురి సరిగా ఆనదు.

ఇలాంటి సవాళ్లను దాటడమే విలువిద్యలో గొప్పతనం. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన కాంపౌండ్ విభాగాన్నే తీసుకోండి. గురి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పది పాయింట్లు తెచ్చే వలయం అడ్డుకొలత 8 సెంటీమీటర్లే. పదిహేను బాణాలకు 150 పాయింట్లు. అక్కడ స్కోరు చూస్తే ఆటగాడి నిలకడ కనబడుతుంది. ఎవరు బాగా వేశారో అంకె చెబుతుంది.

తీర్‌లో అలా కాదు. మొత్తంలోంచి చివరి రెండంకెలు తప్ప మిగతాదంతా తీసి పారేస్తారు. 867 వచ్చినా, 767 వచ్చినా ఒకటే. నూరు బాణాలు ఎక్కువ తగిలినా నంబరు మారదు, ఒక్క బాణం ఎక్కువ తగిలితే మారిపోతుంది. బాగా వేయడానికీ గెలిచే నంబరుకూ ఉన్న లంకె ఇక్కడే తెగిపోతుంది.

1,500 బాణాలు కలిస్తే

'అయితే చివరి రెండంకెలు ఏవైనా రావచ్చు, వంద నంబర్లకూ సమాన అవకాశమే' అని మనం తొందరపడి అనేస్తాం. అది అంత తేలిగ్గా నిజం కాదు.

ఒక ఊహా నమూనా తీసుకుందాం. ప్రతి బాణానికీ తాకే అవకాశం సరిగ్గా సగం. ఒకదాని సంగతి మరోదానికి సంబంధం లేదు. అంటే 1,500 నాణేలు ఎగరేసినట్టే. సగటున 750 తాకుతాయి. ఈ సగటు నుంచి రోజురోజుకూ ఎంత అటూ ఇటూ అవుతుంది? గణాంకశాస్త్రం చెప్పే ప్రామాణిక విచలనం ఇక్కడ సుమారు 19. మూడింట రెండొంతుల రోజుల్లో మొత్తం 731కీ 769కీ మధ్య ఉంటుంది.

అంటే ఈ నమూనాలో చివరి రెండంకెలు ఎక్కువగా 31 నుంచి 69 దాకా ఉన్న నంబర్లలోనే తిరుగుతుంటాయి! 50 రావడానికి అవకాశం సుమారు 2 శాతం, అంటే సమాన అవకాశానికి రెట్టింపు. 00 రావడానికి దాదాపు 700 రోజుల్లో ఒక్కసారే అవకాశం.

బాణాలు ఇంత ఎక్కువగా ఉంటే ఫలితం మరింత గందరగోళంగా ఉంటుందనుకుంటాం. జరిగేది వేరు. ఒకదానికొకటి సంబంధం లేని తప్పులు కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకరిది కాస్త ఎక్కువైతే మరొకరిది తక్కువవుతుంది. బాణాల సంఖ్య నాలుగు రెట్లయితే అటూ ఇటూ అయ్యేది రెండు రెట్లే అవుతుంది. అందుకే 1,500 బాణాల మొత్తం ఆశ్చర్యం కలిగించేంత స్థిరంగా ఉంటుంది.

ఈ నమూనాయే నిజమైతే తీర్ నడిపేవాళ్లు ఎప్పుడో దివాలా తీసేవారు. మొదటి రౌండులో నంబరు తగిలితే రూపాయికి 80 రూపాయలు ఇస్తారు. రెండు శాతం అవకాశం ఉన్న నంబరు మీద రోజూ రూపాయి పెట్టేవాడికి సగటున రూపాయికి 1.65 రూపాయలు తిరిగొస్తాయి. ఊరంతా ఆ నంబర్లే కొంటుంది. వారం తిరక్కుండానే దుకాణం మూతపడుతుంది. అలా జరగడం లేదంటే మన నమూనాలో ఏదో ఒకటి తప్పి ఉండాలి.

అందరికీ ఒకటే గాలి

తప్పింది 'ఒకదాని సంగతి మరోదానికి సంబంధం లేదు' అన్న మాట దగ్గర. భౌతికశాస్త్రం ప్రయోగశాలలో మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి. కొలతల్లో తప్పులు రెండు రకాలు. ఒకటి యాదృచ్ఛికం: చెయ్యి వణకడం లాంటిది. ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే అది తగ్గుతుంది. రెండోది ఉమ్మడి దోషం: స్కేలే ఒక మిల్లీమీటరు అరిగిపోయి ఉండటం లాంటిది. వెయ్యిసార్లు కొలిచినా అది తగ్గదు. ప్రతి కొలతలోనూ అదే తప్పు ఉంటుంది.

తీర్ మైదానంలో ఆ అరిగిన స్కేలు గాలి. యాభై మందికీ వీచేది ఒకటే గాలి. కురిసేది ఒకటే వాన. పట్టేది ఒకటే మబ్బు. వాతావరణం అనుకూలించిన రోజు అందరికీ కొంచెం మెరుగ్గా తగులుతుంది, లేనిరోజు అందరికీ కొంచెం తగ్గుతుంది. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, పోగవుతాయి.

ఎంత పోగవుతాయో చూడండి. తాకే అవకాశం ఒకరోజు 50 శాతం, మర్నాడు 53 శాతం అనుకుందాం. ముప్పై బాణాలు వేసే ఒక విలుకాడికి ఇది ఒక్క బాణం తేడా కూడా కాదు. సరిగ్గా చెప్పాలంటే 0.9 బాణం. తన ఆట మారిందని అతనికే తెలియదు. కానీ 1,500 బాణాల మొత్తంలో 45 తేడా వస్తుంది. నంబరు 50 నుంచి 95కి దూకుతుంది.

రోజుకూ రోజుకూ మధ్య ఇలా మూడు శాతం అటూ ఇటూ అవుతుందనుకుంటే, పాత 19, కొత్త 45 రెండూ కలవాలి. ఇవి నేరుగా కూడవు, లంబకోణ త్రిభుజం భుజాల్లా వాటి వర్గాలు కూడతాయి. కలిపితే విచలనం సుమారు 49 అవుతుంది.

ఇప్పుడు దీన్ని చివరి రెండంకెల్లోకి మార్చాలి. కాగితం మీద గంట ఆకారంలో వక్రం గీయండి. అడుగున బాణాల మొత్తం, ఎత్తు దాని అవకాశం. కాగితాన్ని వంద వెడల్పున్న పట్టీలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎత్తులు కూడండి. విచలనం 19 ఉన్నప్పుడు గంట దాదాపు మొత్తం ఒకే పట్టీలో ఇమిడిపోతుంది, మధ్యలో గుట్ట అలాగే మిగులుతుంది. విచలనం 49 అయితే గంట మూడు నాలుగు పట్టీల మీదికి పరుచుకుంటుంది. ఒక పట్టీలో దిగుతున్న వాలును మరో పట్టీలో ఎక్కుతున్న వాలు పూడుస్తుంది. పేర్చిన తర్వాత చూస్తే దాదాపు చదునైన నేల. లెక్క వేస్తే వంద నంబర్లలో ఏ ఒక్కదాని అవకాశమూ 0.98 శాతం కంటే తగ్గదు, 1.02 శాతాన్ని మించదు.

అంటే తీర్‌ను లాటరీగా మారుస్తున్నది విలుకాళ్ల పొరపాట్లు కాదు. వాళ్లందరూ కలిసి ఎదుర్కొంటున్న గాలీ వానా. విలుకాడు రోజూ దేనితో పోరాడి గెలవాలని చూస్తాడో అదే ఈ ఆటలో చీటీలు కలుపుతోంది.

ముందే కనిపెట్టగలమా?

గాలిని అంచనా వేస్తే నంబరు తెలుస్తుంది కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. మన నమూనాలోనే చూద్దాం. మొదటి రౌండులో 80 రెట్లు ఇస్తున్నప్పుడు నష్టం లేకుండా బయటపడాలంటే కనీసం 1.25 శాతం అవకాశం ఉన్న నంబరు దొరకాలి. అందుకు ఆ రోజు తాకే రేటును, టికెట్ల అమ్మకం ఆగకముందే, 1.75 శాతం లోపు తేడాతో చెప్పగలగాలి. విలుకాడికి సగటున అర బాణం అన్నమాట! పైగా ఆ రోజు ఎంతమంది వస్తారో కూడా ముందే తెలియాలి. ఒక్క విలుకాడు తక్కువైతే మొత్తం 15 తగ్గిపోతుంది.

విలుకాళ్లలో ఒకరు కావాలని తప్పిస్తే? అతను పది బాణాలు పక్కకు వేస్తే మొత్తంలో పది తగ్గుతుంది. కానీ మిగతా 49 మంది మొత్తం ఎంతో అతనికి తెలియదు. తెలియని సంఖ్యలోంచి పది తీసేస్తే మిగిలేదీ తెలియని సంఖ్యే. అందరూ ఒకేసారి వేయడం, బాణాలను నలుగురి ముందూ లెక్కపెట్టడం, ఈ రెండు పద్ధతులే ఆటకు నిజమైన కాపలా. సంఖ్యలను దాచే ఆధునిక గూఢలిపి శాస్త్రంలోనూ ఇదే సూత్రం ఉంది: ఎన్నో చేతులు కలిసి ఒక సంఖ్యను తయారుచేస్తే, ఏ ఒక్క చెయ్యీ దాన్ని తన ఇష్టానికి తిప్పుకోలేదు.

రూపాయికి ఎంత?

ఆటలో మోసం లేదంటే అది లాభం తెచ్చే ఆట అని అర్థం కాదు. లెక్క సూటిగా ఉంటుంది. వంద నంబర్లకూ ఒక్కొక్క రూపాయి పెట్టామనుకోండి. ఖర్చు వంద రూపాయలు. ఒక నంబరు తప్పకుండా తగులుతుంది, చేతికి 80 రూపాయలు వస్తాయి. అంటే మొదటి రౌండులో ప్రతి రూపాయిలో సగటున 20 పైసలు పోతాయి.

రెండో రౌండులో తగిలితే రూపాయికి 60 రూపాయలు. పోయేది 40 పైసలు. రెండు రౌండ్ల నంబర్లనూ కలిపి ముందే చెప్పే 'ఫోర్‌కాస్ట్' పందెం కూడా ఉంది. తగిలితే రూపాయికి 4,000 రూపాయలు. వినడానికి ఘనంగా ఉంటుంది. కానీ వంద నంబర్లు, మళ్లీ వంద నంబర్లు కలిస్తే పదివేల జతలు. పదివేల రూపాయలు పెడితే వచ్చేది నాలుగు వేలు. రూపాయిలో 60 పైసలు పోయినట్టే. బహుమతి పెద్దదయ్యేకొద్దీ కోత కూడా పెద్దదవుతోంది.

ఒక మనిషి రోజుకు పది రూపాయల చొప్పున ఏడాదిలో 300 రోజులు మొదటి రౌండు ఆడాడనుకుందాం. పెట్టింది 3,000. సగటున తిరిగొచ్చేది 2,400. ఇదే డబ్బు రోజూ ఫోర్‌కాస్ట్ మీద పెడితే సగటున వచ్చేది 1,200. అయితే ఇక్కడ 'సగటు' అన్న మాట మోసం చేస్తుంది. అలా ఆడే వందమందిలో 97 మందికి ఏడాది పొడుగునా ఒక్క రూపాయి కూడా రాదు. మిగిలిన ముగ్గురికి నలభై వేల చొప్పున వస్తుంది. ఊళ్లో ఆ ముగ్గురి కథలే వినపడతాయి. 97 మంది తమ కథను ఎవరికీ చెప్పుకోరు.

ఇలా పోయిన పైసల్లోంచే టికెట్ అమ్మేవారి కమీషన్, ప్రభుత్వానికి పన్ను, ఆట నడిపే ఖర్చు రావాలి. ఎన్నో చోట్ల సంప్రదాయ విలువిద్య పండగలకే పరిమితమైతే, షిల్లాంగ్‌లో పనిదినాల్లో విల్లు ఎక్కుపెట్టే విలుకాళ్లు ఇంకా ఉన్నారంటే అందుకు ఈ డబ్బు కూడా ఒక కారణం. ఇది కాదనలేం. ఆ ఖర్చు ఎవరి జేబులోంచి వస్తోందో కూడా మరచిపోలేం.

కలలు, పట్టికలు, 'ఖాయం నంబర్లు'

తీర్ ఆడేవాళ్లలో చాలామంది కలలను నంబర్లుగా మార్చుకుంటారు. రాత్రి కలలో కనిపించిన దానికి ఒక నంబరు ఉంటుంది, మర్నాడు దానిమీద పందెం. ఇందులో నష్టం ఏమీ లేదు. వంద నంబర్లకూ అవకాశం దాదాపు సమానమైనప్పుడు కల చెప్పినా, చిలక చెప్పినా ఒకటే. కల మీద నమ్మకంతో పదికి బదులు వంద రూపాయలు పెట్టినప్పుడే చిక్కు.

అంతకంటే పెద్ద చిక్కు పాత ఫలితాల పట్టికలది. 'ఈ నంబరు వంద రోజులుగా రాలేదు, ఇక రాక తప్పదు' అని లెక్క కట్టేవాళ్లు చాలామంది. వంద రోజుల్లో వంద నంబర్లూ ఒక్కొక్కసారి వస్తాయని మనసు ఆశిస్తుంది. నిజానికి వంద రోజుల పట్టిక ఎప్పుడు చూసినా సగటున 37 నంబర్లు అసలు కనిపించవు. కొన్ని రెండుసార్లు, కొన్ని మూడుసార్లు వచ్చి ఉంటాయి. యాదృచ్ఛికత అంటే సమానంగా పంచడం కాదు. మోపుకు నిన్నటి నంబరు గుర్తుండదు, గాలికీ గుర్తుండదు.

ఇంటర్నెట్‌లో 'ఈరోజు ఖాయం నంబర్లు' అంటూ రోజుకు పది నంబర్లు ఇచ్చేవాళ్లున్నారనుకోండి. ఏమీ తెలియకపోయినా నెలకు 26 ఆటల్లో సగటున రెండుమూడు సార్లు వాళ్ల మాట నిజమవుతుంది. ఆ రెండుమూడు రోజుల్నే ఎర్ర అక్షరాల్లో చూపిస్తారు. వెయ్యిమంది జోస్యులు తలా ఒక నంబరు చెబితే రోజూ పదిమంది చెప్పింది నిజమవుతుంది. అందులో ఒకడు రెండు రోజులు వరసగా చెప్పాడంటే అది ప్రతిభ కాదు, వెయ్యిమంది ఉండటం వల్ల జరిగిన పని.

ఈ సైట్లు చూడటానికి షిల్లాంగ్‌లో ఉండనక్కర్లేదు, ఫోను ఉంటే చాలు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. మైదానం పక్కన నిలబడి బాణాల లెక్కను కళ్లారా చూసే ఖాసీ మనిషికి ఉన్న భరోసా కూడా ఇక్కడ ఫోనులో నంబరు కొనేవాడికి లేదు. అతను చూసేది తెరమీది రెండంకెలనే.

తరగతి గదిలో తీర్

డబ్బు తీసి పక్కన పెడితే తీర్ చక్కటి పాఠం. బడిలో చేసి చూడవచ్చు. యాభై మంది పిల్లలు, ఒక్కొక్కరు ముప్పైసార్లు నాణెం ఎగరేసి బొమ్మలు లెక్కపెట్టాలి. అందరివీ కలిపి చివరి రెండంకెలు బోర్డు మీద రాయాలి. రోజుకోసారి చొప్పున పదిరోజులు చేయండి. ఎక్కువ నంబర్లు 31కీ 69కీ మధ్యే పడతాయి.

తర్వాత నాణేలు పక్కనబెట్టి కాగితం ఉండలు తీసుకోండి. కొంచెం దూరంలో బుట్ట పెట్టి, ఒక్కొక్కరు ముప్పై ఉండలు వేయాలి. ఒకరోజు ఫ్యాను ఆపి, ఒకరోజు మెల్లగా, ఒకరోజు జోరుగా తిప్పండి. ఏ రోజు ఎంత తిప్పాలో చీటీ తీసి తేల్చండి. ఇప్పుడు మొత్తాలు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో, నంబర్లు బోర్డంతా ఎలా పరుచుకున్నాయో పిల్లలే గమనిస్తారు. ఫ్యాను మీట ఒక్కటే. దాని ప్రభావం యాభై చేతుల మీదా పడింది.

సర్వేలు ఒక్కోసారి ఎందుకు గురితప్పుతాయో, వేలమందిని అడిగినా తప్పు ఎందుకు తగ్గదో, ఒకే కంపెనీ తయారుచేసిన పది థర్మామీటర్లూ ఒకేలా తప్పు చూపిస్తే సగటు ఎందుకు పనికిరాదో ఈ ఆటతోనే చెప్పవచ్చు. ఎక్కువమందిని అడిగామా అన్నది మొదటి ప్రశ్న. వాళ్లందరి మీదా ఒకే గాలి వీస్తోందా అన్నది రెండో ప్రశ్న. చాలాసార్లు మనం మొదటి ప్రశ్నతోనే ఆగిపోతాం.

షిల్లాంగ్ మైదానంలో మర్నాడు మధ్యాహ్నం మళ్లీ విలుకాళ్లు వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరూ తమ ముప్పై బాణాలూ మోపులోనే దిగాలని వేస్తారు, కొందరు చక్కగా వేస్తారు కూడా. ఆ నైపుణ్యం చూడటానికి టికెట్ అవసరం లేదు. టికెట్ కొన్న మనిషి మాత్రం వాళ్ల గురి మీద పందెం కాయడం లేదు, వాళ్ల మధ్యనుంచి వీచే గాలి మీద కాస్తున్నాడు.